మందు మానకండి, మూత్రం పరీక్ష చేయించుకోండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో ‘హెచ్‌ఐవీ మందులతో కిడ్నీలకు ముప్పు’ అనే శీర్షిక కింద అర పేజీ వ్యాసం వచ్చింది. లోపల రాసినదాంట్లో తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ లేదు. చివరి పేరాలో ‘డాక్టరును అడగకుండా మందులు మానకూడదు’ అని కూడా రాశారు. కానీ శీర్షిక చదివినవాళ్లంతా చివరి పేరా దాకా వస్తారా అండీ? సోమవారం పొద్దున్న నేనింకా మొహం కూడా కడుక్కోలేదు, ఫోన్ మోగింది. మందుల కోసం వరసలో నిలబడ్డప్పుడు పరిచయమైన అమ్మాయి, పాతికేళ్లుంటాయి. “ఆంటీ, రాత్రి మాత్ర వేసుకోలేదు. పేపర్లో చూశాను. మీ కిడ్నీ కూడా దీనివల్లే పోయిందట కదా, నాకెందుకు చెప్పలేదు?” అని వణుకుతున్న గొంతుతో అడిగింది.

నా కిడ్నీ పోలేదు. కొంత దెబ్బతింది. పోవడానికీ దెబ్బతినడానికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరంలో ఎక్కడైనా ఆపొచ్చు. అది చెప్పడానికే ఈ ఉత్తరం. పొడుగైతే మీకు నచ్చినచోట కత్తిరించుకోండి. నేను టైలర్‌ని, కత్తిరింపులకు బాధపడను.

నాకు 53 ఏళ్లు. హెచ్‌ఐవీ ఉందని 2007లో తెలిసింది. ఎలా వచ్చిందన్నది ఈ ఉత్తరానికి అనవసరం. 2009లో మందులు మొదలుపెట్టారు. అప్పట్లో ఇచ్చిన స్టావుడిన్ నా ప్రాణం నిలబెట్టింది గానీ బుగ్గల్లో కొవ్వంతా లాగేసింది. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు నా మొహం చూసి “ఒంట్లో బాగాలేదా?” అని అడిగేవాళ్లు. ఆ ప్రశ్న తప్పించుకోవడానికి టేపు మెళ్లో వేసుకుని ఎప్పుడూ తల వంచుకునే ఉండేదాన్ని. ఆ మందును క్రమంగా ఆపేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. 2013లో నాకు టెనోఫోవిర్ కలిసిన మాత్ర ఇచ్చారు. రాత్రి పడుకోబోయే ముందు ఒక్కటే మాత్ర. సీడీ4, అంటే ఒంట్లో జబ్బులతో పోరాడే కణాల లెక్క, పెరిగింది, వైరస్ పరీక్షకు అందనంత తగ్గిపోయింది. టెనోఫోవిర్ 2001 నుంచీ వాడుకలో ఉంది. వాడినవాళ్లలో ఎక్కువమందికి కిడ్నీల జోలికే రాలేదు. ఆ మందు మీద నాకు ఇప్పటికీ గౌరవమే. కింద రాయబోయేది చదివి దాన్ని దయ్యంలా చూస్తారేమోనని ఈ మాట ముందే చెబుతున్నాను.

2016 చివర్లో నా కుడి పాదం నొప్పి పెట్టడం మొదలైంది. మిషన్ తొక్కడానికి ముందు ఆనించే కాలు అదే. పాతికేళ్ల తొక్కుడు, నొప్పి రాక ఏమవుతుంది అనుకున్నాను. తర్వాత నొప్పి తుంటికి పాకింది. కూర్చున్నచోటు నుంచి లేవాలంటే బల్ల అంచు పట్టుకుని, ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టుకుని లేచేదాన్ని. మెట్లు ఎక్కేటప్పుడు బాతులా అటూ ఇటూ ఊగుతున్నానని మా అక్క నవ్వింది. నేనూ నవ్వాను.

ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఏమైనా మందులు వాడుతున్నారా అని ఆయన అడిగారు. లేదన్నాను.

ఆ ఒక్క ‘లేదు’ నాకు ఏడు నెలలు ఖర్చయింది. ఎందుకు దాచానో కూడా చెప్పాలి, లేకపోతే నాదే మూర్ఖత్వంలా ఉంటుంది. అంతకు కొన్నేళ్ల ముందు వేరే ఆసుపత్రిలో జ్వరంతో చేరితే, నా ఫైలు అట్ట మీద ఎర్ర ఇంకుతో మూడు ఇంగ్లీషు అక్షరాలు అరచేయంత పెద్దవి రాసి మంచానికి వేలాడగట్టారు. పక్క మంచం ఆమెను చూడ్డానికి వచ్చినవాళ్లు అది చదివి కుర్చీ దూరంగా జరుపుకున్నారు. కుర్చీ కాళ్లు నేలమీద గీసుకున్న ఆ చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. అలాంటిది చూసినవాళ్లు రెండు ఫైళ్లు పెట్టుకుంటారు. ఒకటి హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి, ఇంకోటి లోకానికి. మాలో చాలామందికి ఈ రెండో ఫైలు ఉంటుంది.

ఆయనకు తెలిసినమేరకు ఆయన సరిగ్గానే చూశారు. డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర రాశారు. ఎక్స్‌రేలో పాదం ఎముక మీద వెంట్రుకవాసి చీలిక కనిపించింది. మిషన్ పని తగ్గించమన్నారు. నేను పని తగ్గించలేదు, నొప్పి మాత్రలు పెంచాను. టెనోఫోవిర్ వేసుకునేవాళ్లు ఇలాంటి నొప్పి మాత్రలు కూడా రోజుల తరబడి వేసుకుంటే కిడ్నీకి అటునుంచీ ఇటునుంచీ దెబ్బ తగులుతుందని అప్పుడు నాకు తెలియదు. నా ఒంట్లో టెనోఫోవిర్ ఉందని ఆయనకు తెలియదు.

ఆ మధ్యలోనే ఒకసారి మూత్రం మంటగా ఉంటే పరీక్ష చేయించుకున్నాను. ఇన్ఫెక్షన్ లేదు గానీ షుగర్ మూడు ప్లస్‌లు ఉంది. మధుమేహం వచ్చిందన్నారు. తీరా రక్తంలో చూస్తే పరగడుపున 92. మామూలు మనిషి లెక్క. మూత్రంలో అంత చక్కెర ఉండి రక్తంలో లేకపోవడం ఏమిటని ల్యాబ్ అబ్బాయికే అనుమానం వచ్చింది, శాంపిల్ మారిపోయిందేమోనని మళ్లీ తీసుకున్నాడు. మళ్లీ అదే. “వింతగా ఉందమ్మా” అన్నాడు. ఆ కాగితాన్ని మడిచి సంచీలో, గుడ్డముక్కల మధ్య పడేశాను. నా జబ్బు పేరు ఆ కాగితంలోనే ఉంది. చదవగలిగేవాళ్ల చేతికి అందడానికి ఇంకో మూడు నెలలు పట్టింది.

ఆ చదివిన మనిషి ఏఆర్‌టీ సెంటర్‌లో కొత్తగా చేరిన డాక్టరమ్మ. నేను కుర్చీలోంచి లేచిన తీరు చూసి, వెళ్లిపోతున్నదాన్ని వెనక్కి పిలిచి కూర్చోబెట్టారు. ఎన్నాళ్ల నుంచి, ఎక్కడెక్కడ, ఏమేం మాత్రలు అని వరసగా అడిగారు. అప్పుడు సంచీ తిరగేసి రెండో ఫైలు బయట పెట్టాను. మూత్రం కాగితం చూసి ఆవిడ కాసేపు మాట్లాడలేదు. నా పాత పుస్తకం తెరిచి క్రియాటినిన్, అంటే కిడ్నీ సరిగ్గా వడకట్టకపోతే రక్తంలో పెరిగే చెత్త, అంకెలన్నీ ఒక వరసలో రాశారు. 2013లో 0.8. తర్వాత 0.9. తర్వాత 1.1. తర్వాత ఏడాదికి పైగా ఖాళీ. ఆ రోజు తీయిస్తే 1.5. దాన్నిబట్టి కట్టే ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీల వడపోత లెక్క, తొంభై దాటి ఉండాల్సింది 43కి దిగింది. రక్తంలో ఫాస్ఫేటు కనీసం 2.5 ఉండాలట, నాకు 1.6.

నా సీడీ4 మాత్రం బ్రహ్మాండంగా ఉంది. వైరల్ లోడ్ కనబడనంత తక్కువ. ఆ రెండు అంకెలు బాగున్నంతకాలం నన్ను ఎవరూ ఇంకేమీ అడగలేదు. నేనూ అడగలేదు.

జరిగిందేమిటో డాక్టరమ్మ బొమ్మ వేసి చెప్పారు గానీ, నాకు అర్థమైంది నా పని భాషలో. మన కిడ్నీలు రోజుకు దాదాపు 180 లీటర్ల నీటిని వడకడతాయట. బయటికి వచ్చే మూత్రం లీటరున్నర, రెండు లీటర్లు. మిగతాదంతా వెనక్కి పోతుంది. అంటే కిడ్నీ చేసేది రెండు పనులు. కత్తిరింపు అయ్యాక నేల మీద పడ్డదంతా ఒక్క ఊడ్పుతో పోగేసినట్టు ముందు అన్నింటినీ బయటికి తోసేస్తుంది. ఆ తర్వాత సన్నటి గొట్టాల్లో కూర్చున్న కణాలు అందులోంచి పనికొచ్చేవి ఏరి లోపలికి వేస్తాయి. చక్కెర, ఫాస్ఫేటు, బైకార్బొనేటు, చిన్న చిన్న ప్రొటీన్లు, బోలెడంత నీరు. టెనోఫోవిర్‌ను రక్తంలోంచి లాగి మూత్రంలోకి పంపేదీ ఆ ఏరే కణాలే. కొందరిలో అది బయటికి పోయేదానికంటే లోపలికి చేరేది ఎక్కువై కణాల్లోనే పేరుకుంటుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతింటాయి. అప్పుడు ఏరే చెయ్యి నీరసపడి పనికొచ్చేవి కూడా చెత్తతోపాటు వెళ్లిపోతాయి. రక్తంలో లేని చక్కెర మూత్రంలో కనిపించింది అందుకే. దీన్ని ఫాంకోనీ సిండ్రోమ్ అంటారు. పేరు స్విట్జర్లాండుకు చెందిన ఒక పిల్లల డాక్టరుది. నోరు తిరగడానికి నాకు వారం పట్టింది.

ఎముక గట్టిపడాలంటే కాల్షియంతో పాటు ఫాస్ఫేటు కావాలి. అది రోజూ మూత్రంలో కొట్టుకుపోతుంటే ఎముక మెత్తబడుతుంది. నా పాదంలో చీలిక మిషన్ తొక్కినందుకు కాదు. ఏడు నెలలు ఆ మిషన్‌ను తిట్టాను.

అందరికీ ఇలా కాదు. నాకెందుకైందని అడిగితే డాక్టరమ్మ నా బరువు చూపించారు. 41 కిలోలు. నాకూ, ఎనభై కిలోల మనిషికీ రోజుకు అదే 300 మిల్లీగ్రాముల మాత్ర. బక్కపలచటివాళ్లు, వయసు మీరినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, కిడ్నీలో ముందే ఏదో లోపం ఉన్నవాళ్లు, రిటోనావిర్ లాంటి మందు తోడుగా వాడేవాళ్లు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. నొప్పి మాత్రలు నేను నా చేతులారా కలుపుకున్నవి.

మందు మార్చారు. మార్చే ముందు రెండు పరీక్షలు చేశారు, ఎవరికైనా పనికొస్తాయని రాస్తున్నాను. ఒకటి హెపటైటిస్ బీ. టెనోఫోవిర్ ఆ వైరస్‌ను కూడా అణిచి ఉంచుతుంది. అది ఉన్నవాళ్లకు చూసుకోకుండా టెనోఫోవిర్ తీసేస్తే కాలేయం మీద ఒక్కసారిగా విరుచుకుపడుతుందట. సొంతంగా మానేసేవాళ్లకు ఈ సంగతి ఎవరు చెబుతారు? రెండోది, కొత్తగా ఇవ్వబోయే అబాకావిర్ నా ఒంటికి పడుతుందా లేదా అని చూసే జన్యుపరీక్ష. రెండూ బాగానే వచ్చాయి. అందరికీ అబాకావిరే ఇవ్వాలని లేదు. టెనోఫోవిర్‌లోనే 2015 నుంచి అలాఫెనమైడ్ అనే ఇంకో రూపం ఉంది. అది 25 మిల్లీగ్రాములతోనే పని చేస్తుంది, రక్తంలో తిరిగే టెనోఫోవిర్ పాతదానికంటే దాదాపు తొంభై శాతం తక్కువ. కిడ్నీకి, ఎముకకు భారం తగ్గుతుంది. ఎవరికి ఏది అన్నది డాక్టరు చూసుకుంటారు. వేరే దారులు ఉన్నాయని తెలిస్తే చాలు.

నొప్పి మాత్రలు బంద్. కొన్నాళ్లు ఫాస్ఫేటు, విటమిన్ డి. అయిదు నెలలకు బల్ల పట్టుకోకుండా లేచాను. ఆరు వారాలకే మూత్రంలో చక్కెర పోయింది. క్రియాటినిన్ ఏడాదిన్నరకు 1.1 దగ్గర ఆగింది. 0.8కి మాత్రం తిరిగి రాలేదు. మూడు నెలల ముందే ఆ కాగితం చదివించుకుని ఉంటే వచ్చేదేమో.

ఆ తర్వాత ఎముకల డాక్టరు గారి దగ్గరికి వెళ్లి మొత్తం చెప్పేశాను. ఆయన కుర్చీ జరుపుకోలేదు. “ముందే చెప్పుంటే ఆ మాత్రలు రాసేవాణ్ణి కాదమ్మా” అన్నారు. అంతే. గదిలోకి వెళ్లడానికి ముందు గుమ్మం దగ్గర అరగంట నిలబడ్డాను.

2022లో ఇంకో గాభరా. నా హెచ్‌ఐవీ మందుల్లో ఎఫావిరెంజ్ అనేదాన్ని తీసేసి డోల్యుటెగ్రావిర్ అనేది ఇచ్చారు. నెల తిరక్కుండా క్రియాటినిన్ 1.1 నుంచి 1.25కి ఎక్కింది, ఈజీఎఫ్‌ఆర్ 52కి పడింది. కాగితం చూసి ఆ రాత్రి నిద్రపోలేదు. పొద్దున్నే పరుగెత్తాను. డాక్టరమ్మ నవ్వి, క్రియాటినిన్ కండరాల్లో పుట్టే చెత్త అని, ఎక్కువ భాగం వడపోతలో ముందు గుమ్మం నుంచి పోతుందని, కొద్దిగా ఆ గొట్టాల కణాలు పెరటి తలుపులోంచి బయట పడేస్తాయని చెప్పారు. డోల్యుటెగ్రావిర్ ఆ పెరటి తలుపు మూస్తుంది. వడపోత చెక్కుచెదరకపోయినా అంకె కాస్త పెరుగుతుంది. సాధారణంగా 0.1 నుంచి 0.2 వరకు, అదీ మొదటి నెలలో, తర్వాత అక్కడే నిలబడుతుంది. నా భయం తీర్చడానికి సిస్టాటిన్ సీ అనే ఇంకో పరీక్ష చేయించారు. దానికి పెరటి తలుపుతో సంబంధం లేదు. దాని లెక్కలో నా కిడ్నీ ఎక్కడున్నది అక్కడే ఉంది. కోబిసిస్టాట్ అనే మందు కూడా అంకెను ఇలాగే పెంచుతుందట. కాబట్టి ఒక్క అంకె చూసి కూలబడకూడదు, ఒక్క అంకె చూసి ధీమాగా ఉండకూడదు. ఆగకుండా ఎక్కుతూ పోతే, లేదా మూత్రంలో ప్రొటీనో చక్కెరో కనిపిస్తే అప్పుడు సంగతి వేరు.

ఇప్పుడు మీ శీర్షిక దగ్గరికి వస్తాను. మందు వల్ల నా కిడ్నీ దెబ్బతిన్నది నిజం. అయినా ఆ శీర్షిక అబద్ధమే అంటాను. ఎందుకంటే మందులు లేకపోతే కిడ్నీలను పాడుచేసేది హెచ్‌ఐవీయే. ఈ జబ్బును గుర్తించిన తొలి ఏళ్లలోనే, 1984లో, అమెరికా డాక్టర్లు ఎయిడ్స్ రోగుల్లో కిడ్నీలు నెలల్లోనే చేతులెత్తేయడం చూసి రాశారు. అప్పటికి హెచ్‌ఐవీ మందు ఒక్కటీ లేదు. వైరస్ నేరుగా కిడ్నీ కణాల్లోకే దూరుతుందని తర్వాత తేలింది. కిడ్నీలో వడకట్టే జల్లెడ కుప్పకూలిపోతుంది, ప్రొటీను మూత్రంలో ధారగా పోతుంది. ఆఫ్రికా మూలాలున్నవాళ్లలో ఇది ఎందుకు ఎక్కువన్నది చాలాకాలం చిక్కుముడిగా ఉండి 2010లో కొంత విడింది. ఏపీఓఎల్1 అనే జన్యువులో కొన్ని మార్పులు అక్కడ ఈగ కాటుతో వచ్చే నిద్రజబ్బు నుంచి కాపాడతాయి, అవే కిడ్నీకి చేటు తెస్తాయి. మిగతావాళ్లలో కూడా వైరస్‌తో పోరాడే యాంటీబాడీలు గుంపులుగా వెళ్లి కిడ్నీ జల్లెడలో ఇరుక్కునే జబ్బు ఉంటుంది. ఈ వైరస్ జబ్బుకు అన్నింటికంటే ముందు ఇచ్చే మందు, మళ్లీ ఆ హెచ్‌ఐవీ మందులే.

మందులు ఆపి చూస్తే ఏమవుతుందన్నది కూడా ఎవరో ఊహించి చెప్పిన మాట కాదు. మధ్యమధ్యలో ఆపితే శరీరానికి విశ్రాంతి దొరుకుతుందేమో, కిడ్నీకి, గుండెకు మంచిదేమో అని 33 దేశాల్లో 5,472 మంది మీద స్మార్ట్ అనే పెద్ద అధ్యయనం చేశారు. 2006లో ఫలితాలు వచ్చాయి. ఆపినవాళ్లలో మరణాలు ఎక్కువ. గుండె, కిడ్నీ, కాలేయం తీవ్రంగా దెబ్బతినడం కూడా వాళ్లలోనే ఎక్కువ. అనుకున్నదానికి సరిగ్గా తలకిందులు. మీ వ్యాసంలో దీనికి ఒక్క వాక్యం చోటు దొరికుంటే ఆ అమ్మాయి ఆదివారం రాత్రి మాత్ర వేసుకుని పడుకునేది.

ఇంకో మనిషి గురించి రాయాలి. మా సెంటర్‌లో నేను అన్నయ్య అని పిలిచే ఒకాయన, రిటైరైన డ్రైవరు. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటారు. ఆయన కిడ్నీలు పోయింది హెచ్‌ఐవీ మందువల్ల అని అందరూ అనుకున్నాం. కాదు. ఇరవై ఏళ్ల మధుమేహం, లెక్కచేయని బీపీ. మందుల పుణ్యమా అని మేం ఎక్కువకాలం బతుకుతున్నాం. అలా బతికినప్పుడు అందరికీ వచ్చే జబ్బులు మాకూ వస్తాయి. ఆయన బీపీ చూసుకోవాల్సిన రోజుల్లో మా అందరి కళ్లూ సీడీ4 మీదే ఉన్నాయి.

మొదట వెళ్లిన డయాలసిస్ కేంద్రంలో “మీలాంటివాళ్లకు వేరే మిషన్ ఉండాలి, మా దగ్గర లేదు” అని పంపించేశారు. ఆ కేంద్రం పేరు రాయను. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ మార్గదర్శకాల్లోనే ఉంది: హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు డయాలసిస్‌లో వేరే మిషన్ అక్కర్లేదు, వేరే గది అక్కర్లేదు. అందరికీ పాటించాల్సిన జాగ్రత్తలే చాలు. వేరే గది, వేరే మిషన్ కావాల్సింది హెపటైటిస్ బీకి. ఈ తేడా తెలియని చోట మిగతావాళ్ల రక్తం విషయంలో ఏం జాగ్రత్తలు పాటిస్తున్నారో అని నాకు భయం వేస్తుంది. ఆయన రెండో చోట చేరారు. అక్కడి సిస్టర్ గ్లవ్స్ ఎవరికైనా మారుస్తుంది, ఆయనకూ మారుస్తుంది. అంతకంటే ఏం కావాలి?

కిడ్నీ మార్పిడి మాకు కుదరదన్న మాట కూడా పాతబడింది. 2008లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఎల్మీ మ్యుల్లర్ అనే సర్జన్, చనిపోయిన హెచ్‌ఐవీ ఉన్న దాతల కిడ్నీలను హెచ్‌ఐవీ ఉన్న రోగులకే అమర్చడం మొదలుపెట్టారు. డయాలసిస్ కూడా దొరకక చనిపోతున్నవాళ్లను చూడలేక చేసిన పని అది. 2013లో అమెరికా అలాంటి దానానికి అడ్డున్న చట్టాన్ని మార్చింది. 2019లో హెచ్‌ఐవీ ఉన్న ఒక మహిళ, బతికుండగానే, తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. చాలాకాలం మా రక్తాన్ని తాకడానికే భయపడ్డ లోకంలో ఇది జరిగింది. ఆ వార్త నేను నాలుగుసార్లు చదివాను. 2024లో 198 మంది కిడ్నీ గ్రహీతల వివరాలు బయటికొచ్చాయి. దాత హెచ్‌ఐవీ ఉన్నవారైనా లేనివారైనా ప్రాణం నిలవడంలో, కిడ్నీ నిలవడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అన్నయ్యకు కూతురు కిడ్నీ ఇస్తానంటోంది, పరీక్షలు నడుస్తున్నాయి. అంతకుముందు ఆయన హెచ్‌ఐవీ మందుల్లోంచి రిటోనావిర్‌ను తీసేశారు. అది ఉంటే మార్పిడి తర్వాత కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వాడే టాక్రోలిమస్ ఒంట్లో విపరీతంగా పెరిగిపోతుందట.

నేనిప్పుడు ఆరు నెలలకోసారి చేయించుకునేవి: రక్తంలో క్రియాటినిన్, ఫాస్ఫేటు, షుగర్. మూత్రంలో ముంచే చిన్న కాగితం పట్టీ. దానితోపాటు మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీను ఎంతుందో చెప్పే పరీక్ష, అది 30 లోపు ఉండాలి. బీపీ వెళ్లిన ప్రతిసారీ. ఒకసారి తేడా వచ్చిందని జబ్బుగా లెక్కపెట్టరు, మూడు నెలలు అలాగే ఉంటే అప్పుడంటారు. కిడ్నీ నొప్పి పెట్టదు, అరవదు. సగం పోయినా మనిషి మామూలుగానే మిషన్ తొక్కుతూ కూర్చుంటాడు. అందుకే అంకెలన్నీ నేనే ఒక పుస్తకంలో రాసుకుంటాను. కొలతల పుస్తకం వెనకవైపు నుంచి మొదలుపెట్టాను. ముందునుంచి ఊరందరి ఛాతీలు, నడుములు, వెనకనుంచి నా క్రియాటినిన్. రెండూ ఎక్కడో మధ్యలో కలుస్తాయి.

మీకు నా మనవి ఒక్కటే. అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో, ‘మందు మానకండి, మూత్రం పరీక్ష చేయించుకోండి’ అని వేయండి. ఉత్తరం మొత్తం వేయకపోయినా ఫరవాలేదు. వీలైతే డాక్టర్లకు కూడా ఒక మాట: ‘ఏ మందులు వాడుతున్నారు?’ అని పదిమంది ముందు అడిగితే జవాబు ‘లేదు’ అనే వస్తుంది. తలుపు వేసి అడగండి.

ఆ అమ్మాయి సంగతి అడుగుతారేమో. సోమవారం రాత్రి నుంచి మళ్లీ వేసుకుంటోంది. బుధవారం నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. క్రియాటినిన్ 0.7, మూత్రం శుభ్రంగా ఉంది. వచ్చేటప్పుడు దారిలో తన పెళ్లి జాకెట్టుకు కొలతలు ఎప్పుడిమ్మంటారని అడిగింది.

నా పేరు, చిరునామా మీ పరిశీలన కోసం వేరే కాగితం మీద రాశాను. దయచేసి ప్రచురించవద్దు. వీధివీధికీ మీ పత్రిక వస్తుంది, నా దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లలో సగం మంది మీ పాఠకులే.

ఇట్లు,
ఒక పాఠకురాలు